వేళ కాస్తా వేల అయింది: ఒక న్యూస్ డెస్క్ కేసు

ఇరవై రెండేళ్లు పత్రికల డెస్కుల్లో సబ్ ఎడిటర్‌గా చేసి, ఇప్పుడు బయట ఉండి చిన్న చిన్న సంస్థల్లో రాసేవాళ్లకి భాష విషయంలో ట్రైనింగ్ ఇస్తుంటా. ఈ కేసు గురించి రాయడానికి కారణం, ఇందులో మొదటి రెండు నెలలు నేను శుద్ధంగా తప్పుదారిలో నడిచాను, డబ్బులు కూడా తీసుకున్నాను. సంస్థని, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశా, కొన్ని మార్చా. తప్పులు మాత్రం అసలువే.

హైదరాబాద్‌లో ఒక షార్ట్ న్యూస్ యాప్. అరవై డెబ్భై పదాల్లో వార్త, దానికో ఫొటో, రోజుకి ఇన్ని అని టార్గెట్. డెస్కులో పదమూడు మంది, అందరూ ఇరవై ఒకటి నుంచి ఇరవై ఏడు లోపు వాళ్లే, మూడు షిఫ్టులు. వాళ్లకొచ్చే ముడిసరుకు ఏంటంటే ఏజెన్సీల ఇంగ్లిష్ కాపీ, జిల్లాల నుంచి స్ట్రింగర్లు (ఊళ్లలో ఉండే పార్ట్‌టైమ్ విలేకరులు) పంపే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, ప్రెస్ నోట్ల ఫొటోలు. సగం మంది కంప్యూటర్ మీద, సగం మంది ఫోన్లోనే కొట్టేస్తారు. రాసినవాడే పబ్లిష్ నొక్కుతాడు, మధ్యలో ఇంకో కన్ను లేదు. నేను డెస్కులో చేరిన రోజుల్లో ప్రూఫ్ సెక్షన్ అని వేరే ఉండేది, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చునే పెద్దమనుషులు, వాళ్లు ఒక దీర్ఘం తప్పు పట్టుకున్నారంటే మనకి రెండ్రోజులు తలెత్తుకోబుద్ధయ్యేది కాదు. కంప్యూటర్లో పేజీలు పెట్టడం అలవాటయ్యాక ఆ సెక్షన్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఆ పని సబ్ ఎడిటర్ నెత్తిన పడింది, ఈ యాప్‌ల కాలానికి సబ్ ఎడిటర్ అనేవాడే లేకుండా పోయాడు.

ఇంకోటి, పదమూడు మందిలో తొమ్మిది మంది ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. ఎందుకమ్మా అంటే మార్కులు సార్ అన్నారు, అందులో దాచేదేం లేదు, రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలిసిందే. తెలంగాణలో బడుల్లో తెలుగు తప్పనిసరి అంటూ 2018లో చట్టం వచ్చింది గానీ అది పదో తరగతి వరకే, పైగా వీళ్లు అప్పటికే బడి దాటేశారు.

వాళ్లు నన్ను పిలవడానికి కారణమైన గొడవ చెప్తా. సంక్రాంతి ముందు ఒక నోటిఫికేషన్ వెళ్లింది: "సంక్రాంతి వేల ప్రత్యేక బస్సులు". రాసినమ్మాయి ఉద్దేశం సంక్రాంతి వేళ, అంటే పండగ సమయంలో. ళ బదులు ల పడేసరికి చదివినవాళ్లకి వేలకొద్దీ బస్సులు కనిపించాయి. కింద కామెంట్లలో ఎన్ని వేలు, ఏ రూట్లో అని నిజంగానే అడిగినవాళ్లు కొందరు, వెక్కిరించినవాళ్లు చాలామంది. అది చల్లారేలోపే "అవార్డుల ప్రధానోత్సవం" అని ఇంకోటి. ఇవ్వడం అయితే ప్రదానం, దకి ఒత్తిస్తే ప్రధానం, అంటే ముఖ్యమైనది, లేదంటే పెళ్లికి ముందు చేసుకునే ప్రధానం. "ముహూర్తం ఎన్నింటికి, భోజనాలున్నాయా" అని కామెంట్. ఓనర్‌కి ఆ కామెంట్ బాగా గుచ్చుకుంది. ఫోన్ చేసి "సార్, ఒక టెస్ట్ పెట్టండి, కిందున్న నలుగుర్ని తీసేద్దాం" అన్నాడు.

తీసేయడానికి నేను ఒప్పుకోలేదు, మూడు నెలలు టైమ్ ఇవ్వమన్నా. అంతవరకు బాగానే ఉంది. కానీ టెస్ట్ కూడా వద్దన్నాను చూడండి, అదీ నా మొదటి పొరపాటు. టెస్ట్ అంటే తీసేయడానికే అనుకున్నా, రోగం ఏంటో తెలుసుకోడానికి కూడా టెస్టే కావాలని తట్టలేదు. నా మనసులో రోగం ముందే ఖాయమైపోయింది: వీళ్లకి వ్యాకరణం రాదు, చెప్తే వస్తుంది. నాకు అలాగే వచ్చింది కాబట్టి.

మొదలుపెట్టే ముందు ఒక పని మాత్రం సరిగ్గా చేశాం, ఏది తప్పు ఏది కాదు అని గీత గీసుకున్నాం. ఓనర్ గారి నాన్నగారు రిటైర్డ్ పెద్దాయన, ఆయన దృష్టిలో గుర్రంలో బండి ఱ తీసేసిన రోజే తెలుగు పోయింది. ఆయనకి కోపం రాకుండా చెప్పాల్సి వచ్చింది, అరసున్నా పోయింది, బండి ఱ పోయింది, క్రొత్త కాస్తా కొత్త అయింది, వీటివల్ల ఎవరికీ అర్థం మారలేదు, ఎవరి బస్సూ తప్పిపోలేదు అని. (గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం అంత పోరాడితే, ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటూ, అదే రోజు వాట్సాప్‌లో గ్రాంథికం రానివాళ్లని తిడుతూ ఫార్వర్డ్‌లు పంపుకునే జనం మనం.) చివరికి మూడు గంపలు చేశాం. అర్థం మారిపోయే తప్పులు ఒక గంప, వీటికి క్షమాపణ లేదు. పెళ్లి/పెళ్ళి, వాళ్లు/వాళ్ళు లాంటివి రెండో గంప, రెండూ సరే, కాకపోతే సంస్థ ఒకటి పట్టుకుని దానిమీదే ఉండాలి. పోయిండు, వచ్చినం, చెప్పేడు లాంటివి మూడోది, అవి యాస, తప్పుల లెక్కలోకే రావు, ఎవరైనా మాట్లాడినప్పుడు అన్నది అన్నట్టు కోట్స్‌లో పెట్టాలి. ఈ మూడో గంప తర్వాత పెద్ద విషయం అయి కూర్చుంది, వస్తా దానికి.

ఇక ఫలించనివి చెప్తా వరసగా.

వారానికి రెండు చొప్పున క్లాసులు. సంధులు, సమాసాలు, విభక్తులు. పిల్లలు బాగా విన్నారు, నవ్వారు, నోట్స్ రాసుకున్నారు, గుణసంధి అడిగితే టక్కున చెప్పారు. ఆ సాయంత్రం షిఫ్టులో యథాప్రకారం "విషేశం", "ఆశక్తి", "భాద". సంధులు నేర్పితే ళ ఎలా వస్తుంది, దానికీ దీనికీ సంబంధమే లేదు కదా అని ఇప్పుడు అనిపిస్తుంది, అప్పుడు అనిపించలేదు, ఇంకా రెండు క్లాసులు ఎక్కువ చెప్పా.

తర్వాత గోడ మీద చార్టు. ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు, నూటికి పైగా మాటలు. పత్రికల్లో ఇలాంటివి చాలా చూశాను, అందుకే అనుమానం రాలేదు. మూడు వారాలకి ఒక వింత జరిగింది. డెస్కులో అందరికంటే శుభ్రంగా రాసే అమ్మాయి ఒకతి ఉంది, ఆమె కాపీలో మొదటిసారి "విషేశం" కనిపించింది. అడిగితే "ఏది కరెక్టో డౌట్ వచ్చింది సార్, చార్టులో రెండూ కళ్లముందు తిరుగుతున్నాయి" అంది. నిజమే మరి, రోజూ తప్పుని అంత పెద్ద అక్షరాల్లో చూపించింది మేమే. చార్టు ఆ రోజే పీకేశా.

స్పెల్ చెకర్ పెట్టి చూశాం. తెలుగులో మాటకి మాట అతుక్కుంటూ పోతుంది కదా, "చెప్పలేకపోతున్నామంటున్నారు" అనేది ఒకటే మాట, అది ఏ జాబితాలో ఉంటుంది? పేజీ అంతా ఎర్ర గీతలు, ఒప్పు కిందా గీతే, తప్పు కిందా గీతే. రెండో రోజుకి అందరూ ఆపేశారు, వాళ్లని తప్పుపట్టలేను.

నేను ఊళ్లో లేని వారంలో మేనేజర్ సొంతంగా ఒక స్కీమ్ పెట్టాడు, తప్పుకి పది రూపాయలు ఫైన్. తప్పులు నిజంగానే తగ్గాయి! నేను వచ్చి సంతోషంగా కాపీలు తిరగేస్తే అసలు సంగతి తెలిసింది, అనుమానం ఉన్న మాటలు వాడటమే మానేశారు. ధన్యవాదాలు పోయి థ్యాంక్స్, శ్రద్ధాంజలి పోయి నివాళి (ఇది పర్లేదు), ఉత్కంఠ పోయి టెన్షన్, దుఃఖం పోయి "బాగా ఫీలయ్యారు". చనిపోయినాయన భార్య బాగా ఫీలయ్యారు అని వార్త. ఫైన్ తీసేయించా.

రెండు నెలలు గడిచాయి, నా దగ్గర ఇంకేం లేదు. సిగ్గుపడుతూనే ఓనర్ మొదట్లో అడిగిన టెస్టే పెట్టా, కాకపోతే రెండుసార్లు, ఒకే పేరా. ఒకసారి నేను చదువుతుంటే కాయితం మీద చేత్తో రాయాలి, ఇంకోసారి ఎవరి మెషీన్లో వాళ్లు టైప్ చేయాలి. ఇలా ఎందుకంటే, సంక్రాంతి బస్సుల అమ్మాయి ఒకసారి టీ దగ్గర "నాకు వేళ తెలుసు సార్, ఎట్లా పడిందో తెలీదు" అంది, అప్పుడు సాకు అనుకున్నా, తర్వాత ఆ మాట తొలుస్తూనే ఉంది.

ఆ రెండు కట్టలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కళ్లు తిరిగాయి. బస్సుల అమ్మాయి చేత్తో రాసినదాంట్లో ఒక్కటంటే ఒక్క తప్పు, టైప్ చేసినదాంట్లో పదకొండు. ఇంకో అబ్బాయిది, పాలమూరు వైపు వాడు, పేరు వద్దు గానీ ర అనుకుందాం, చేత్తోనూ టైపులోనూ తప్పులే, కాకపోతే అన్నీ ఒకే జాతి తప్పులు. మిగతావాళ్లు ఈ ఇద్దరికీ మధ్యలో ఎక్కడో.

అంటే నేను ఇన్నాళ్లూ ఒకే రోగం అనుకున్నది రెండు వేరువేరు రోగాలు, కనీసం.

రెండు సాయంత్రాలు ఏమీ మాట్లాడకుండా వాళ్ల వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నా. బస్సుల అమ్మాయి ఇంగ్లిష్ అక్షరాల్లో కొడుతుంది, తెలుగు మాటలు సూచనల పట్టీలో వస్తాయి. వి, ఇ, ఎల్, ఎ. పట్టీలో మొదట వేల, రెండోది వెల, మూడోది వేళ. స్పేస్ కొట్టగానే మొదటిది పడిపోతుంది. ఆమె కళ్లు అప్పటికే తర్వాతి మాట కోసం ఇంగ్లిష్ కాపీ మీద ఉన్నాయి, తెరమీద లేవు. ఇంకా దారుణం ఏంటంటే, కీబోర్డు మనల్ని చూసి నేర్చుకుంటుంది, ఒకట్రెండు సార్లు వేల పడనిస్తే మర్నాడు నుంచి అదే ముందుకొస్తుంది. కల్లు, కళ్లు కూడా అంతే, ఒకాయన "కల్లు దానం చేశారు" అని వార్త రాబోయి ఆఖరి నిమిషంలో ఆగింది. ణ, ళ, శ, ష, ఒత్తులు (ఖ, ధ, భ లాంటి ఒత్తి పలికే అక్షరాలు), ఇవన్నీ తెలుగు చెయ్యి తేడాగా రాస్తుంది, ఇంగ్లిష్ అక్షరాలకి ఆ తేడా తెలియదు. లేఖిని లాంటి టైపింగ్ టూల్స్‌లో ళకి క్యాపిటల్ ఎల్ కొట్టాలని నియమం ఉంటుంది కాబట్టి కొట్టేవాడు ఆలోచించక తప్పదు, ఈ పట్టీ కీబోర్డుల్లో ఆ అవసరమే లేదు.

నా మొదటి ఆలోచన అందరికీ ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలకే మీటలుండే కీబోర్డు పద్ధతి) నేర్పించడం. అక్షరానికి అక్షరం కొడితే ఏది కొట్టావో నీకు తెలుస్తుంది. ఇద్దరు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు టార్గెట్ ఎవరు కడతారు సార్ అన్నారు, న్యాయమైన ప్రశ్నే, నేర్చుకునే నెలరోజులూ స్పీడ్ సగానికి పడిపోతుంది, జీతం వార్తల లెక్క మీద. బలవంతం చేయలేదు. దాని బదులు చిన్న పని. ప్రతి ఒక్కరితో ఫోన్లో కీబోర్డు నేర్చుకున్న మాటలన్నీ చెరిపించేశా, తర్వాత అర్థం మార్చేసే ఒక డజను జంటలు మాత్రం తీసుకుని (వేల వేళ, కల కళ, కల్లు కళ్లు, ప్రదానం ప్రధానం, అర్ధం అర్థం, సకలం శకలం ఇలాంటివి) ఈ మాట వస్తే పట్టీలోకి చూడకుండా స్పేస్ కొట్టొద్దు అని ఒకటే నియమం. డజనే ఎందుకు అంటే, వంద చెప్తే ఒక్కటీ గుర్తుండదని చార్టు నేర్పింది. ఈసారి గోడ మీద తప్పు రూపాలు లేవు, ప్రతి మాటా సరైన రూపంలోనే ఒక నిజం హెడ్డింగ్‌లో పెట్టి అతికించాం: విమాన శకలాలు దొరికాయి, అర్ధరాత్రి అరెస్టు, కళ్లు దానం చేసిన కుటుంబం.

ఇది వేళ్ల తప్పు. ర సంగతి వేరు, అది నాకు ఇంకా ఇష్టమైన భాగం.

వాడి తప్పులన్నీ ఒకే జాతి అన్నా కదా, అవన్నీ ఒత్తులే. కానీ ఒత్తులు లేక కాదు, ఎక్కువై! ధగ్గర, భయటికి, భాద, విధ్యార్ధి, ఖనిపించింది. డిక్టేషన్‌లో నేను బయటికి అని స్పష్టంగా అన్నా, వాడు పెన్ను ఎత్తి ఒక్క క్షణం ఆలోచించి మరీ బ కింద గీత గీశాడు, నేను చూస్తూనే ఉన్నా. తెలియక జారిపోవడం కాదది, కావాలని పెట్టడం. కూర్చోబెట్టి అడిగా. కాసేపు నసిగి చెప్పాడు, "మా దిక్కు మాట మోటుగుంటదని కాలేజీల నవ్వేటోళ్లు సార్, ఒత్తులు పలకవురా నువ్వు అని. అందుకే అనుమానం ఉన్నకాడల్లా పెడ్తున్న."

నేను పెట్టిన క్లాసులు వీడికి ఏం చేసుంటాయో ఆలోచించండి. నీకు రాదు నీకు రాదు అని ఇంకో ఎనిమిది సార్లు చెప్పాయి, వాడు ఇంకో నాలుగు ఒత్తులు ఎక్కువ పెట్టాడు.

వాడికి నియమం చెప్పలేదు, వాళ్ల నాయనమ్మ గురించి అడిగా. ఆమె బడికి పోలేదు. ఆమె ఇంట్లో, పొలంలో వాడే మాటలన్నీ చెప్పమన్నా. నాగలి, కొడవలి, దూడ, గడ్డి, బాయి, దగ్గర, బయట, కడుపు, గంప, గొడ్డలి. వీటిలో ఎక్కడైనా ఒత్తి పలికే అక్షరం ఉందా? లేదు. ఒత్తులు ఎక్కువగా సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఉంటాయి, విద్యార్థి, బాధ, ధర్మం, ఘనం. కాబట్టి నాయనమ్మ పుట్టినప్పటి నుంచీ అంటున్న మాటైతే ఒత్తు పెట్టకు, పుస్తకంలో నేర్చిన మాటైతే ఆగి చూసుకో. మర్నాడు పొద్దున్నే వచ్చి "ధనియాలు సార్?" అన్నాడు. "మా నాయనమ్మ రోజూ అంటది, అండ్ల ధ ఉంది." సరే అది సంస్కృతం నుంచి వంటింట్లోకొచ్చిందిరా అన్నా. మధ్యాహ్నానికి మళ్లీ "నలభై, యాభై?" ఈసారి నిజంగా ఇరుక్కున్నా, అవి అచ్చ తెలుగు లెక్కలే, కానీ భ ఉంది. అంతకుముందు నలుబది, ఏబది అనేవాళ్లు, అది కుంచించుకుపోతూ బ కాస్తా భ అయిందని చెప్పా. వాడికి ఆ మినహాయింపులు దొరికినందుకే సంబరం. తప్పులు వెతికించుకునేవాడు కాస్తా నా నియమంలో తప్పులు వెతికేవాడు అయ్యాడు, ఆ వారం నుంచే వాడి కాపీలో ఒత్తులు రాలిపోవడం మొదలైంది. వాడి యాస మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు, పైగా పాలమూరు, నల్లగొండ వైపు వాయిస్ మెసేజ్‌లన్నీ వాడికే ఇమ్మన్నా, కోట్స్ అన్నీ సరిగ్గా దింపేది వాడొక్కడే.

వ్యాకరణం అసలు పనికిరాలేదా అంటే, ఒక్కటి పనికొచ్చింది. చేసాడు, చూసారు, రాసాను అని అందరూ రాసేవాళ్లు, చేశాడు, చూశారు, రాశాను కావాలి. ఇది ఒక్కో మాట బట్టీ పెట్టే పని కాదు. జరిగిపోయినదాన్ని చెప్తూ తర్వాత ఆ వస్తే శ, ఇ ఏ వస్తే స: చేశాడు, చేశాం, చేశాక, కానీ చేసింది, చేసి, చేసే. ఒక్క వాక్యం, వందల మాటలు సర్దుకుంటాయి. బస్సుల అమ్మాయి వెంటనే "మరి తెలుసా ఎందుకు తెలుశా కాదు సార్?" అంది. భలే ప్రశ్న. అక్కడ ఆ జరిగినదాన్ని చెప్పడానికి రాలేదు, అడగడానికొచ్చింది, తెలుసు మీద కూర్చుంది అంతే. నాకు తట్టింది ఏంటంటే వాళ్లు వ్యాకరణానికి పనికిరానివాళ్లేం కాదు, ఏ వ్యాకరణం చెప్పాలో నాకే తెలియలేదు.

ఇంగ్లిష్ నుంచి దింపేటప్పుడు వచ్చే వాక్యాల సంగతి చివర్లో కొంచెం ముట్టుకున్నాం. "ఆయన ముగ్గురు పిల్లలను కలిగి ఉన్నారు", "పోలీసులచే అరెస్టు చేయబడ్డాడు", "మంత్రి యొక్క పర్యటన". అక్షరం తప్పు లేదు, తెలుగూ కాదు. దీనికి చెప్పింది ఒకటే, ఇంగ్లిష్ కాపీ చదివాక ఆ విండో మూసేసి, పక్కవాడికి ఫోన్లో చెప్తున్నట్టు ఒకసారి నోటితో చెప్పి అప్పుడు రాయి. నోటితో ఎవరూ కలిగి ఉన్నారు అనరు, ఆయనకి ముగ్గురు పిల్లలు అంటారు. ఇది కొందరికి పట్టింది, కొందరికి టైమ్ లేదు.

నోటిఫికేషన్ మటుకు పంపే ముందు పక్కవాడు తెరమీద చూడాలి అని పెట్టాం. మొదట పైకి చదివించా, కానీ శ, ష, స ముగ్గురూ ఒకేలా పలికే ఆఫీసులో చెవి ఏం పట్టుకుంటుంది? అందుకే కన్ను.

మూడో నెలాఖరుకి నోటిఫికేషన్లలో అర్థం మారే తప్పు నాకు కనిపించలేదు. లోపలి వార్తల్లో ఇంకా ఉన్నాయి, విశేషం ఇంకా అప్పుడప్పుడు తిరగబడుతూనే ఉంది. రాత్రి షిఫ్టులో ఒక్కడే ఉంటాడు, పక్కవాడు లేడు, రెండో మనిషిని పెట్టమంటే ఓనర్ బడ్జెట్ అన్నాడు. నేను మానేసిన ఆర్నెల్లకి ఆ పదమూడు మందిలో ఐదుగురే మిగిలారట, కొత్తగా వచ్చినవాళ్లకి ఇవన్నీ ఎవరు చెప్తారో తెలీదు.

నా సంగతి కూడా చెప్పాలి. ఆఖరి వారం ఆ శుభ్రంగా రాసే అమ్మాయి నా దగ్గరికొచ్చి, సార్ మీరిచ్చిన హెడ్డింగ్‌లో స్వాతంత్య్రం అని ఉంది, సెర్చ్‌లో స్వాతంత్ర్యం అని కొడితే మన వార్త రావట్లేదు అంది. చూస్తే త కింద ముందు య, తర్వాత ర. ఉండాల్సింది ముందు ర, తర్వాత య. పత్రికల పేజీలు పెట్టే పాత డీటీపీ ఫాంట్లలో కంటికి బాగుంటే చాలని ఏ ఒత్తు ముందు కొట్టినా నడిచేది, ఆ చేతివాటంతోనే ఇన్నేళ్లూ కొట్టుకొచ్చా, ప్రతి ఆగస్టు 15కీ. ఆమె మెషీన్ మీదే కూర్చుని నాలుగైదు సార్లు సరిగ్గా కొట్టి చూశా, ఐదోసారి కూడా వేలు ముందు య మీదకే పోయింది.